పరాయి ఊరి బల్ల, మన ఊరి బంతి

ధ్యానమునకు వాక్యభాగము: గలతీయులకు 2:11–14



గత వర్షాకాలములో ఒక దినమున మేము సికిందరాబాదులోని లాలాగూడకు వెళ్లవలసి వచ్చెను. అచ్చట జరిగినది చిన్న సంగతియే. ఒక పూట భోజనము, ఒక ఫోటో, ఒక మాట, అంతే. అయినను ఆ చిన్న సంగతి నెలల తరబడి మమ్మును విడువక వెంబడించుచున్నది. అందులో మా తప్పిదమును ఉన్నది గనుక దానిని మీ ముందుంచి, మీతో కూడ యోచింపవలెనని ఇది వ్రాయుచున్నాము.

మా ఊరిలో రెండు పేటలున్నవి. మాలవారి పేట ఒకటి, మాదిగవారి పేట ఒకటి. రెంటిలోను విశ్వాసులున్నారు. దేవాలయము ఒక్కటే, గంట ఒక్కటే, బోధకుడును ఒక్కడే. కాని పెండ్లిలో బంతి ఒక్కటి కాదు. మేము చెప్పబోవు సంగతిలో ఒక సంఘపు పెద్దయు, ఒక యౌవనుడును ఉన్నారు. ఎవరు ఏ పేటవారో వ్రాయము. తారుమారు చేసి చెప్పినను సంగతి మారదు. మన దుఃఖమే అది.

ఆ పెద్దగారి తమ్ముడు రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు. లాలాగూడ రైల్వేవారి ఊరు అని చెప్పవచ్చును. నైజాము కాలపు రైల్వే కంపెనీవారు 1893లో అచ్చట పెట్టెలు బాగుచేయు కార్ఖానాను స్థాపించిరి. అది నేటికిని నడుచుచున్నది. దాని చుట్టును పనివారి క్వార్టర్లు వెలసినవి. రైల్వే ఆసుపత్రియు అచ్చటనే యున్నది. ఆ తమ్మునికి ఆపరేషను చేయవలసి వచ్చి, రక్తము కావలెనని డాక్టర్లు చెప్పిరి. బంధువులలో ఒకరికి చక్కెర వ్యాధి, ఒకరికి వయస్సు మీరినది, ఒకరికి భయము. అప్పుడు రెండవ పేటనుండి ఇరువది రెండేండ్ల యౌవనుడొకడు, ఎవరును అడుగకమునుపే, "నేనొస్త అయ్యగారూ" అని సంచి భుజమున వేసికొని మా గుమ్మము ముందు నిలిచెను.

పెద్దగారు, ఆయన తమ్ముని కుమారుడు, ఈ యౌవనుడు, మేము, నలుగురము కలిసి తెల్లవారుజామున బయలుదేరితిమి. ఆ యౌవనుడు రక్తమిచ్చెను. ఆపరేషను మంచిగా జరిగినదని కబురు వచ్చినప్పుడు మధ్యాహ్నము దాటినది. ఎవరమును ఏమియు తినలేదు. పెద్దగారు కన్నులు తుడుచుకొని ఆ యౌవనుని భుజముమీద చేయి వేసి, "ఏం తింటవు బిడ్డా? ఇయ్యాల నీ ఇష్టం" అని అడిగిరి. అతడు సిగ్గుపడి, తల గోకికొని, "పిజ్జా తిందాం తాతా" అనెను.

పిజ్జా అనగా ఏమో ఎరుగని పెద్దలు మనలో ఇంకను ఉన్నారు గనుక రెండు మాటలు చెప్పుదుము. అది ఇటలీ దేశపు రొట్టె. పులిసిన గోధుమపిండిని గుండ్రముగా సాచి, దానిమీద టమాటా గుజ్జు పూసి, పాలతో చేయు చీజును, కూరగాయ ముక్కలను పరచి, మంటి పొయ్యిలో కాల్చెదరు. నేపుల్సు అను రేవు పట్టణములో పేదవారు వీధిలో కొని తిను తిండిగా అది పేరుపడెను. మన పెద్దలు రామములగ అని పిలిచిన టమాటా కూడ ఆ దేశమునకు అమెరికానుండి వచ్చినదే. మన ఇండ్లలోని మిరపకాయయు అచ్చటినుండియే వచ్చినది. మన దేశములో ఈ పిజ్జాను అమ్ము పేరుగల విదేశపు కంపెనీలు రెండును 1996లో మొదటి దుకాణములు తెరచినవి. ఒకటి ఢిల్లీలో, ఒకటి బెంగుళూరులో. ఇప్పుడు చిన్న పట్టణములలో కూడ అట్టి దుకాణములున్నవి. ఆసుపత్రికి కొంత దూరములో మాకు కనబడినది పేరు మోసినది కాదు. నాలుగు బల్లలు, గోడమీద వెలల పలక, వెనుక పొయ్యి. అంతమాత్రపు చిన్న దుకాణము.

ఆ పలక చూచి మేము వెనుకాడితిమి. ఒక దినపు కూలి ఒక రొట్టెకు పోవునే అని మా మనస్సు గొణిగెను. బోధకుడు ఇట్టి చోట కూర్చుండి తినవచ్చునా అని మీలో కొందరికిని తోచవచ్చును. కృతజ్ఞతతో పుచ్చుకొనినదేదియు నిషేధింపదగినది కాదని పౌలు తిమోతికి వ్రాసియున్నాడు. నలుగురికి ఒక్కటే తెప్పించుకొంటిమి. పెద్దగారే వెల చెల్లించిరి. ఆ దినమున అది దుబారా కాదు. అది కృతజ్ఞత. ఈ విషయములో మా మనస్సాక్షి నిర్మలముగానే యున్నది. మా తప్పిదము వేరొకచోట నున్నది.

రొట్టె వచ్చెను. ఎనిమిది ముక్కలుగా కోయబడి యుండెను. మెల్లగా ప్రార్థన చేసితిమి. పెద్దగారు దానిని ఇటు అటు చూచి, "మన సర్వపిండి లెక్కనే ఉన్నది గదా!" అని నవ్విరి. ఒక్క పళ్లెములోనికి నాలుగు చేతులు వెళ్లినవి. చీజు దారమువలె సాగి గడ్డమునకు అంటుకొనగా పెద్దగారు చిన్నపిల్లవానివలె నవ్విరి. మనిషికి రెండేసి ముక్కలు. పెద్దగారు ఒకటి తిని, రెండవదానిని తీసి ఆ యౌవనుని పళ్లెములో పెట్టి, "రక్తమిచ్చినోనివి, నువ్వు తిను" అనిరి. సరిగా ఆ క్షణమున తమ్ముని కుమారుడు ఫోను ఎత్తి ఫోటో తీసెను. చూడగా చాల చక్కగా వచ్చినది. ముసలి చేయి, రొట్టె ముక్క, పడుచువాని ముఖమున సంతోషము.

యౌవనుడు ఆ ఫోటోను తన ఫోనుకు పంపించుకొని, "మనూరి గ్రూపుల పెడుత తాతా" అనెను.

పెద్దగారి ముఖము మారెను. "ఫోటో మంచిగనే ఉన్నది బిడ్డా. గ్రూపుల మాత్రం పెట్టకు. మనోళ్లు చూస్తే బాగుండదు" అనిరి.

యౌవనుడు మా వైపు చూచెను. ఆ చూపు ఇప్పటికిని మా యెదుట నున్నది. మేము చెప్పిన మాట ఇది: "పెద్దాయన చెప్పినట్టే కానియ్యి బాబూ. ఇప్పుడు లొల్లి ఎందుకు?"

అతడు "సరే అయ్యగారూ" అని ఫోను జేబులో పెట్టుకొనెను. పెద్దగారు పెట్టిన ముక్క అతని పళ్లెములో అట్లే యుండెను. చీజు చల్లారి గట్టిపడెను. దానిని అతడు ముట్టలేదు.

సహోదరులారా, ఈ సంగతిని ఇంతకు పూర్వమెక్కడనో చదివినట్లు మీకు తోచుట లేదా? గలతీయులకు వ్రాసిన పత్రికలో, రెండవ అధ్యాయములో నున్నది. పేతురు అంతియొకయ పట్టణమునకు వెళ్లెను. అది ఆయనకు పరాయి ఊరు. అచ్చట అన్యజనులైన విశ్వాసులతో కలిసి ఒక్క బల్లయొద్ద భోజనము చేయుచుండెను. అంతలో యెరూషలేమునుండి, అనగా తనవారిలోనుండి కొందరు వచ్చిరి. వారు రాగానే ఆయన భయపడి, మెల్లగా ప్రక్కకు తొలగెను. మిగిలిన యూదులును అట్లే చేసిరి. చివరకు బర్నబా కూడ వారి వెంట కొట్టుకొనిపోయెను. పౌలు అందరి యెదుట పేతురును నిలదీసెను.

ఈ భాగమును మేము చాలమార్లు బోధించితిమి. సెమినరీలో పరీక్ష కూడ వ్రాసితిమి. కాని పేతురు ఏ తప్పు చేసెనో సరిగా గ్రహించినది లాలాగూడనుండి తిరిగి వచ్చిన పిమ్మటనే. పేతురు తెలియనివాడు కాడు. యొప్పేలో దర్శనము చూచినవాడు. కైసరయలో కొర్నేలీ యింట అడుగుపెట్టినవాడు. వారితో ఏల తింటివని యెరూషలేములో నిలదీసినప్పుడు ధైర్యముగా ఉత్తరమిచ్చినవాడు. ఆయనకు సత్యము తెలియును. కూర్చుండి తినుట కూడ తెలియును. తనవారి కన్ను పడగానే చేయి వెనుకకు తీసికొనెను. అదియే ఆయన తప్పు. ఆ దినములలో యెరూషలేమునుండి మనుష్యులు నడిచి రావలసి యుండెను. ఈ దినములలో జేబులోని ఫోను చాలును. ఆ ఫోటో ఊరికి చేరక మునుపే మా బల్ల రెండు బల్లలాయెను.

ఆ బల్లయొద్ద పేతురు ఉండెను. బర్నబాయు ఉండెను, అది మేము. పౌలు మాత్రము లేడు. పౌలు పని చేయవలసినది మేమే, దానిని చేయలేదు.

ఇప్పుడు మనము యోచింపవలసిన ప్రశ్న ఇది: ఎవరును మనలను ఎరుగని చోట మనము చేసిన మేలు నిజముగా మేలేనా?

సాధారణముగా మనము దీనికి ఎదురుగా నున్న సంగతిని గూర్చి బోధించెదము. పట్నము పోయినవాడు, చూచువారు లేరని, త్రాగుటకు తప్పుదారి పట్టుటకు జంకడు. ఊరికి రాగానే మంచివాడగును. ఆ వేషధారణను మనమందరము ఎరుగుదుము. మా సంగతి దానికి తలక్రిందులు. చూచువారు లేరని పట్నములో నీతిగా నుండి, ఊరికి రాగానే పాపములో చేరికొంటిమి. వింతగా తోచును గాని రెంటికిని వేరు ఒక్కటే. రెంటిలోను మనుష్యుని నడిపించునది దేవుని కన్ను కాదు, ఇరుగుపొరుగువారి కన్ను.

అట్లయితే ఆ దుకాణములోని బల్ల మన ఊరి బంతి కంటె గొప్పదా? ఈ మాటను కూడ న్యాయముగా తూచవలెను. అచ్చట మమ్మును ఎవరును కులము అడుగలేదు. ఇది చిన్న మేలు కాదు. మన తాతలు టీ హోటలు వెలుపల నిలిచి, తమకని వేరుగా ఉంచిన గ్లాసులో త్రాగి, దానిని తామే కడిగి పెట్టిన దినములు మనలో ముసలివారికి జ్ఞాపకమున్నవి. మా పెద్దగారు తానే బాల్యములో అట్లు నిలిచినవారు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణములో దుకాణములు, హోటళ్లు అందరికిని తెరచి యుండవలెనని పేర్కొన్నది. 17వ అధికరణములో అంటరానితనమును రద్దుచేసినది. 1955లో దానిని శిక్షార్హమైన నేరముగా చేయు చట్టమును వచ్చినది. ఆ దుకాణములో మేము నలుగురము నిశ్చింతగా కూర్చుండుట ఎందరో పోరాడి సంపాదించిన మేలు. దానికై దేవునికి స్తోత్రము.

అయినను ఆ బల్ల మమ్మును ప్రేమించి కూర్చుండబెట్టలేదు. అది కులము అడుగదు, వెల అడుగును. మేము తినుచుండగా గుమ్మమునొద్ద ఇద్దరు ముగ్గురు కుర్రవారు పెద్ద పెద్ద సంచులు వీపున వేసికొని, ఇండ్లకు చేర్చవలసిన రొట్టెలకై నిలిచియుండిరి. వారి చేతిమీదుగా ఎన్నో రొట్టెలు పోవుచున్నవి; వారు కూర్చుండుటకు ఒక్క కుర్చీయు లేదు. డబ్బు లేనివాడు ఆ గుమ్మము దాటడు. డబ్బున్నవాని పేరు ఎవరికిని అక్కరలేదు. ఎరుగక కూర్చుండబెట్టుట వేరు, ఎరిగి కూర్చుండబెట్టుట వేరు. అంగడి బల్ల మనము ఎవరమో ఎరుగదు గనుక కూర్చుండబెట్టును. ఊరి బంతి మనము ఎవరమో ఎరుగును గనుక లేపివేయును. ప్రభువు బల్ల ఒక్కటియే మనము ఎవరమో పూర్తిగా ఎరిగి, ఎరిగియే, రమ్మని పిలుచును.

కావున లాలాగూడలో మేము కలిసి తినుట ఇంకను సుగుణము కాలేదు. ఆ ఫోటో ఊరికి చేరియుండిన యెడల అది సుగుణమై యుండును. ప్రేమకు పరీక్ష పరాయి ఊరిలో లేదు. మన పేరు, మన తండ్రి పేరు, మన పేట పేరు అందరికి తెలిసిన చోట నున్నది.

అయితే ఆ భోజనము వ్యర్థమా? కాదు. అది మనలను నిరుత్తరులను చేయుచున్నది. "మా వలన కాదు అయ్యగారూ, తరతరాల అలవాటు" అని మనవారు చెప్పుదురు. ఆ దినమున మా వలన అయినది. ఎవరి చేయి వణకలేదు, ఎవరి ముద్ద గొంతులో అడ్డుపడలేదు. నవ్వుచు తింటిమి. ఒకమారు చేసినవాడు, చేయలేను అని చెప్పుటకు వీలులేదు. చేయను అని మాత్రమే చెప్పవలెను. అంతకంటె గొప్ప సంగతి మరియొకటి యున్నది. ఆ ఉదయమున ఆ యౌవనుని రక్తము కావలెనని అడిగినప్పుడు ఎవరును పేట అడుగలేదు. శరీరములోనికి రక్తము రావచ్చును గాని, అదే చేతినుండి పళ్లెములోనికి రొట్టె రాకూడదా? ప్రభురాత్రి భోజనములో ఆయన రక్తమందు పాలివారమని చెప్పుకొని, బయట చెట్టు క్రింద వేరు బంతులుగా కూర్చుండు మనము దీనికి ఏమి ఉత్తరమిత్తుము?

మరికొందరు, "సంఘము సమాధానముగా నున్నది, దానిని ఏల కదిలించెదరు?" అందురు. మేమును ఆ మాటయే అంటిమి: లొల్లి ఎందుకు అని. కాని ఎవరి సమాధానము అది? లొల్లి లేకపోవుటకు వెల చెల్లించినది ఆ యౌవనుడొక్కడే. ఒకనిని వెలుపల నిలువబెట్టి మిగిలినవారు నెమ్మదిగా భుజించుట సమాధానము కాదు, నిశ్శబ్దము. కొరింథు సంఘములో కొందరు ముందుగా తిని తృప్తిపడగా కొందరు ఆకలితో నుండిరి. అది ప్రభువు భోజనమే కాదని పౌలు వారికి వ్రాసెను. 1910లో ఎడింబరోలో కూడిన మిషనెరీల మహాసభలో, తరువాత 1912లో దోర్నకలుకు మొదటి బిషప్పైన అజరయ్యగారు, మాకు స్నేహితులు కావలెనని తెల్లవారి యెదుట నిలిచి అడిగిరి. అనాడు మనము అడిగినవారము. నేడు మనలను అడుగువారున్నారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలు వారు తమ తమ భేదములను దాటి దక్షిణ ఇండియా సంఘముగా ఒక్క బల్లయొద్దకు వచ్చిరి. సముద్రముల అవతల పుట్టిన భేదములు దాటగలిగిన మనము, రెండు పేటల నడుమనున్న బండిబాటను దాటలేమా?

ఇప్పుడు మిగిలిన సంగతి చెప్పి ముగించెదము. ఊరికి వచ్చిన మూడవ వారమున మేము ఆ యౌవనుని ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి. అతడు ఏమియు పలుకలేదు. అతని తల్లి జొన్నరొట్టెయు, తొక్కును తెచ్చి పెట్టెను. అప్పుడు మరియొక సంగతి మాకు తట్టెను. ఈ సంఘమునకు వచ్చి తొమ్మిదేండ్లైనది. ఆ పేటలో చాయ త్రాగితిమి, ప్రార్థన చేసితిమి. కూర్చుండి అన్నము తిన్నది బహు కొద్ది సారులు. ఆ పెద్దగారి పేటలో ఎన్నిమార్లు తింటిమో లెక్కలేదు. ఎవరును మమ్మును ఆపలేదు. మేమే వెళ్లలేదు. తప్పు ఆయనదేనని అంతవరకు లోలోపల అనుకొనుచుండిన మా నోరు ఆ రొట్టెతో మూతపడెను.

కోతపండుగనాడు దేవాలయపు ఆవరణలో ఒక్కటే బంతి వేయించితిమి. ముందుగా చెప్పియే వేయించితిమి. రెండు పేటలనుండియు కొన్ని కుటుంబములు భోజనమునకు రాలేదు. వచ్చినవారు మొదట ఎడముగా కూర్చుండిరి. చాపలు చాలనందున దగ్గరకు జరిగిరి. పెద్దగారు ఆలస్యముగా వచ్చిరి. ఆయన భార్య రాలేదు. ఆయన ఒక నిమిషము నిలిచి చూచి, వడ్డించుచున్న ఆ యౌవనుని దగ్గర విస్తరి పట్టుకొని, చివర కూర్చుండిరి. పెద్ద మాటలేవియు జరుగలేదు. "ఇంకింత కూర ఎయ్యి బిడ్డా" అనిరి. అతడు వేసెను.

ఆ ఫోటో ఇంకను ఆ యౌవనుని ఫోనులోనే యున్నది. ఊరికి పంపబడలేదు. పంపుమని చెప్పవలసినది మేము కాదు. ఇది వ్రాయుటకు ముందు ఇద్దరిని అడిగితిమి. యౌవనుడు వెంటనే ఒప్పుకొనెను. పెద్దగారు చాలసేపు నేల చూచి, "రాయుండ్రి అయ్యగారూ. పేరు మాత్రం రాయకుండ్రి" అనిరి. అంతియొకయనుండి ఊరివరకు దారి పొడవైనది. ఆయన సగము నడిచిరి. మేమును సగమే నడిచితిమి.

ప్రియులారా, ప్రయాణములలో మీరు ఎక్కడ భుజించినను కృతజ్ఞతతో భుజించుడి. మీ ప్రక్కన కూర్చున్నవాని ముఖము చూడుడి. తరువాత ఇంటికి వచ్చి, అదే ముఖమునకు మీ ఇంటి చాపమీద చోటున్నదో లేదో మీ మనస్సాక్షిని అడుగుడి. ఎరిగియే మనలను పిలిచిన ప్రభువు, ఎరిగినవారిని పిలుచు ధైర్యమును మనకు దయచేయును గాక. ఆమేన్.